మురిక్కాలవ మీద ఎవరి పేరు?

పన్నును తప్పనిసరి చేసినవాడెవడో గానీ, వాడికి మనిషి మీద బొత్తిగా నమ్మకం లేదు! జేబులో చెయ్యి పెట్టి లాక్కుంటే తప్ప మనం ఇవ్వమనా వాడి ఉద్దేశం? మర్యాదగా ఒక్కసారైనా అడిగి చూశాడా?

మా ఊరి మునిసిపల్ చైర్మన్ అడిగాడు. "ఇకమీదట పన్ను ఇష్టమున్నవాళ్ళు, ఇష్టమైనంత, ఇష్టమైన పనికి ఇవ్వండి. దాని మీద మీరు చెప్పిన పేరు రాయిస్తాం" అని మైకులో చెప్పించాడు.

తెల్లారేసరికి ఆఫీసు ముందు తోపులాట! "నెమ్మదిగా కట్టండి బాబూ, అందరి పన్నూ తీసుకుంటారు" అంటూ పోలీసులు లాఠీలు ఊపాల్సి వచ్చింది. ఇలాంటి వైభవం ఎక్కడైనా చూశారా?

ఆ తర్వాత మా ఊరి భాగ్యం చూడాలి. రోడ్డు పొడుగునా బెంచీలే. నడవడానికి చోటు లేని మాట నిజమే. కూర్చోవడానికి ఇంత చోటున్న ఊళ్ళో నడవాల్సిన ఖర్మ ఎవరికి? గడియార స్తంభానికి నాలుగు ముఖాలూ నలుగురు దాతలవి. ఎవరి గడియారంలో వాళ్ళకు నచ్చిన టైము. ఆఫీసుకు లేటైనవాడు స్తంభం చుట్టూ తిరిగొస్తే చాలు, ఏదో ఒక పక్క ముందే వచ్చినట్టుంటుంది! ఫైరింజనుకు సైరను ఒక పెద్దమనిషి ఇచ్చాడు, నిచ్చెన ఇంకో పెద్దమనిషి ఇచ్చాడు. నీళ్ళకు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. నీళ్ళ మీద పేరు నిలవదు కదా! పరుపుల కొట్టు తగలబడిపోతున్నంతసేపూ సైరను ఎంత కమ్మగా మోగిందో!

ఇంత సంబరంలోనూ ఏడుపు ముఖం పెట్టుకున్నవాడు ఒకడున్నాడు. వీధి చివర, పల్లంలో కొట్టున్న దర్జీ.

అతని గుమ్మం ముందు మురిక్కాలవ ఎప్పుడో కూలిపోయింది. నాలుగు చినుకులు పడితే వీధి నీళ్ళన్నీ చుట్టపుచూపుగా అతని కొట్లోకే వస్తాయి. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, నీళ్ళలో పెడలు తొక్కుతూ ఊరి చొక్కాలు కుట్టేవాడు.

"మిషను తొక్కుతున్నారా, పడవ నడుపుతున్నారా?" అంది భార్య. "ఈ వానలకి కూడా ఇంతే అయితే కొట్టు మూసేసి మా తమ్ముడి రెడీమేడ్ షాపులో చేరండి. వాడు రమ్మంటూనే ఉన్నాడుగా!"

బావమరిది షాపులో కూర్చుని, ఎవడో కుట్టిన చొక్కాలు మడతపెట్టడం! దర్జీకి అంతకన్నా మురుగు నీళ్ళే నయమనిపించింది.

కనపడ్డవాళ్ళ కాళ్ళావేళ్ళా పడ్డాడు. కలప అడితి ఓనరు ఎగిరిపడ్డాడు: "కాలవ మీద నా పేరా! రేపు మా వియ్యంకుడి కంటబడితే తలెక్కడ పెట్టుకోను? ఆర్చీ ఏదన్నా ఉంటే చెప్పు." రిటైరైన హెడ్మాస్టరు మాత్రం జాలిపడి, కొట్టు ముందు తన పేరుతో ఇంకో బెంచీ వేయించాడు. నీళ్ళొస్తే ఎక్కి నిలబడడానికి!

మబ్బులు కమ్ముతున్న రోజున స్వీట్ల షాపాయన సూటు కొలతలకొచ్చాడు. టేపు చంకలో ఉన్నంతసేపూ తన తోడల్లుణ్ణి, అంటే ఎదురుగా ఉన్న హోటలాయన్ని, తిడుతూనే ఉన్నాడు. అత్తగారింట్లో అందరి ముందూ ఈయన కారును డొక్కు అన్నాడట.

"వాడి పేరు మురిక్కాలవ మీద రాయాలయ్యా అసలు!"

దర్జీ నోట్లో గుండుసూదులున్నాయి. ఒక్కొక్కటే తీసి సూదుల మెత్తకు గుచ్చాడు.

"రాయిద్దామా అన్నయ్యా?"

స్వీట్ల షాపాయన చేతులు చాపినవాడు చాపినట్టే ఉండిపోయాడు. "రాయొచ్చా?"

"చెప్పిన పేరు రాస్తామన్నారు. మన పేరే చెప్పాలని ఎవరన్నారు?"

"అక్షరాలు ఎంత పెద్దవి పడతాయంటావు?"

"మీ చాతీ కొలతంత వేయిద్దాం."

వారం తిరక్కుండా, కొత్తగా కట్టిన కాలవ మొదటి మూత మీద హోటలాయన పేరు మెరిసింది. హోటలాయన ఊగిపోతూ కొట్లోకొచ్చాడు. దర్జీ కత్తెర వెనక్కి దాచుకున్నాడు. ఆయన రొప్పుతూ అడిగాడు: "పక్క మూత ఖాళీయేనా?"

ఇక చూడండి ఔదార్యం! కోడలి పేరుతో అత్త, అత్త పేరుతో కోడలు, అద్దెకున్నవాడి పేరుతో ఇంటి ఓనరు, డాక్టరు పేరుతో ఎదురింటి డాక్టరు! హెడ్మాస్టరు పేరుకైతే పాత విద్యార్థులంతా చందాలేసుకున్నారు. పేర్లు పట్టక కాలవను పక్క వీధికి, అక్కణ్ణుంచి ఊరి బయట దాకా పొడిగించారు. రాత్రిళ్ళు కూడా చదువుకోవాలని లైట్లు పెట్టారు. శత్రువు పేరు మాసిపోకుండా ఎవరికి వాళ్ళు పొద్దున్నే వచ్చి తుడిచేవాళ్ళు. ఏ చట్టం చేయించగలదండీ ఇంత సేవ?

వాన దంచి కొట్టింది. దర్జీ కొట్లో చుక్క నీరు లేదు! పొడి పాదాలను చూసి చూసి మురిసిపోయాడు. "మీ బావకి తీరిక లేదురా" అని భార్య తమ్ముడికి కబురంపింది.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ తలా ఒక శత్రువున్న ఊళ్ళో అందరికీ కలిపి కూడా ఒకడుంటాడు కదా! కాలవ మొత్తం వచ్చి పడే చోట, పెద్ద ఇనప గేటు మీద, ఊరంతా ఏకమై చైర్మన్ పేరు చెక్కించింది. తోపులాట ఆపడానికొచ్చిన పోలీసులు కూడా తలా కాస్త వేసి వెళ్ళారు.

మర్నాడే మళ్ళీ మైకు! ప్రజల మేలు కోరి పన్ను తప్పనిసరి చేశారు. పేర్లున్న మూతలన్నీ గునపాలతో పెకలించారు. ఆ ఊపుకి గోడలు కూలి కాలవ పూడిపోయింది.

దర్జీ అందరికన్నా ముందే పన్ను కట్టి, కౌంటరు దగ్గరే నిలబడ్డాడు.

"కాలవ ఎప్పుడు బాగుచేయిస్తారండీ?"

"చూద్దాం," అన్నాడు గుమాస్తా. "పైవాళ్ళకి మనసైతే."

"పన్నేమో తప్పనిసరన్నారు గదండీ?"

"అది నీకయ్యా! మాకు స్వచ్ఛందమే."

విన్నారా! ఇంత మంచి విధానం రద్దయిందని నేను అనవసరంగా బెంగపడ్డాను. అది ఎక్కడికీ పోలేదు, కౌంటరుకు అవతలి పక్క క్షేమంగా ఉంది.

దర్జీ మళ్ళీ ప్యాంటు మడిచాడు. ఎన్నాళ్ళో చెప్పలేం, బావమరిది నుంచి మళ్ళీ కబురొచ్చింది. ఈలోగా వాన వెలిసినప్పుడల్లా గుమ్మం ముందు మిగిలిన ఒక్క రాయి మీద, గుడ్డల మీద గీసే సుద్దతో చైర్మన్ పేరు రాస్తున్నాడు. వాన చెరిపేస్తోంది. అతను మళ్ళీ రాస్తున్నాడు. సుద్ద అయిపోవస్తోందని తెలిసి, కొలతలకొచ్చేవాళ్ళు తలా ఒక ముక్క తెచ్చిస్తున్నారు. ఎవరూ అడగలేదు, ఎవరూ మైకులో చెప్పలేదు.

వసూళ్ళు మాత్రం బ్రహ్మాండం!