మడిపంచెలో ఇన్ని కాళ్ళు

తొంభై ఏడు శ్రావణం. కొవ్వూరులో వారంగా ముసురు. ఆ రోజు కామేశం తండ్రి తద్దినం. బ్రాహ్మలు వచ్చేలోగా స్నానం చేసి, మడి కట్టుకుని, అన్నీ సిద్ధం చేసుకోవాలని అతని ఏర్పాటు. దండెం మీది పంచెను కర్రతో దింపి, దులపకుండానే కట్టుకున్నాడు.

గోచీ బిగించగానే తొడ మీద చల్లగా ఏదో కదిలింది. ఒక కాలు కాదు, రెండు కాళ్ళు కాదు. వరసగా, అలలాగా పాకుతున్నాయి. ఊపిరి బిగబట్టి చేత్తో ఒక్కటి కొట్టాడు. చర్మం చుర్రుమంది. మడత తీసి చూస్తే పసుపుపచ్చ తడి. చూస్తుండగానే గోధుమరంగుకు తిరిగింది.

"జెర్రి! నన్ను జెర్రి కుట్టేసిందే!"

వాకిలి ఊడుస్తున్న భార్య అమ్మాజీ చీపురు పడేసి పరుగెత్తుకొచ్చింది.

"ఏదీ, చూడనివ్వండి."

"ముట్టుకోకు! నీకింకా స్నానం కాలేదు. మడి పోతుంది."

"ప్రాణం పోతుంటే మడేంటండీ?"

"విషం గుండెకెక్కేలోగా మడిలో ఉన్నవాళ్ళనెవరినైనా పిలు!"

ఆ వేళప్పుడు వీధి మొత్తానికి మడిలో ఉన్నవాడు ఒక్కడే. పక్కవాటాలో అదే తండ్రికి వేరేగా తద్దినం పెట్టుకుంటున్న తమ్ముడు మణిశంకర్. ఉమ్మడి నూతి దగ్గర తగువు వచ్చాక అన్నదమ్ములకు మాటల్లేవు.

అమ్మాజీ కేకకి మణిశంకర్ వచ్చాడు. తొడ మీది మచ్చ అప్పటికి నల్లబడింది. తడి కండువాతో అన్న తొడను బలమంతా పెట్టి కట్టాడు. కాసేపటికి పాదం చల్లబడింది. వేళ్ళు మొద్దుబారాయి.

"కాలు పోయిందిరా మణీ. నేను బతికితే వచ్చే ఏటినుంచి నాన్న తద్దినం కలిపే పెడదాం. లేకపోతే నా తద్దినం కూడా నువ్వే..."

"ఊరుకో అన్నయ్యా!" మణిశంకర్ ఏడుస్తూ కట్టు ఇంకాస్త బిగించాడు.

అమ్మాజీ వెంటబెట్టుకొచ్చిన డాక్టరు జీవరాజును గుమ్మంలోనే ఆపారు.

"దూరం నుంచే చూడండి డాక్టరుగారూ. మడి."

"సరే. ఆ పంచె చెంగు దులపండి."

మణిశంకర్ దులిపాడు. గచ్చు మీద టపటపా రాలాయి. పెద్ద రోకలిబండ పురుగు ఒకటి, దాని పిల్లలు. నున్నగా, గుండ్రంగా ఉన్నాయి. పడ్డవి పడ్డట్టే చుట్ట చుట్టుకున్నాయి.

"జెర్రి చదునుగా ఉంటుంది. కణుపుకి ఒక జత కాళ్ళు. వీటికి రెండేసి జతలండీ. కుట్టడం రాదు. భయమేస్తే రసం కారుస్తాయి, మచ్చ పడుతుంది, అంతే. ఈ ఇంట్లో అందరికంటే ఎక్కువ జడుసుకున్నవి అవే."

"మరి కాలు చచ్చుబడిందేంటండీ?"

"మీ తమ్ముడుగారి కట్టు వల్ల. ఇంకాసేపుంటే నిజంగానే కాలు తీసెయ్యాల్సొచ్చేది."

కామేశం తమ్ముడి వంక చూశాడు.

"విప్పు."

"మరి వచ్చే ఏడు కలిపి పెడదామన్న మాట..."

"ముందు విప్పు."

మణిశంకర్ వంగి ముడి విప్పాడు. రక్తం పారింది. కాలు ఎగిరి అతని ఛాతీకి తగిలింది.

తిమ్మిరి వల్లేనని కామేశం ఇప్పటికీ అంటాడు.