వనజ సైకిల్‌కు పెట్టె

ఆ రోజు పొద్దున దేవదాసు పెట్టుకున్న పని ఒక్కటే: కూతురు వనజ సైకిల్‌ను పెట్టెలో సర్ది, రాత్రి విమానం ఎక్కించడం. గువాహటిలో సైకిల్ పోటీ. వనజకు టికెట్ పోటీవాళ్లే పంపారు. సైకిల్ ఛార్జీ మాత్రం మీదేనన్నారు. పెట్టెలో పెట్టని సైకిల్ విమానం ఎక్కదట.

జనగామ చర్చివాళ్లలో ఎవరు పోయినా పెట్టె చేసేది వడ్రంగి తుల్సీరాం. పెట్టె అనగానే దేవదాసుకు అతనే గుర్తొచ్చాడు. ఫోన్ చేశాడు.

"అన్నా, అర్జెంటుగ ఒక పెట్టె కావాలె. పొద్దుగూకక ముందే తీస్కపోవాలె."

తుల్సీరాం గొంతు తగ్గించాడు. "ఎవలికి తమ్మీ?"

"మా వనజకే. నాలుగున్నర అడుగులు చాలు. గాలి తీసినం. మెడ జర పక్కకు తిప్పితే పడతది."

తుల్సీరాం కూలబడ్డాడు. "మెడ తిప్పకుండ్రి తమ్మీ, నీకు దండం పెడ్త. నేను పొడుగ్గనే చేస్త."

అడిగినంత డబ్బు దేవదాసు పంపేశాడు. సైకిల్ ఛార్జీకి దాచినదంతా అందులోనే పోయింది.

మధ్యాహ్నం పక్కవీధి పుష్పమ్మ పూలదండతో, వెనుక చర్చి ఆడవాళ్లతో ఏడుస్తూ వచ్చింది. తలుపు తీసింది వనజ.

"ఏమైంది అత్తమ్మా? ఎవలు పోయిండ్రు?"

"నువ్వే పోయినవ్ బిడ్డా!"

"నేను పోయేది సాయంత్రం గదా!"

పుష్పమ్మ మరింత గట్టిగా ఏడ్చింది.

అంతలో ఆటోలో పెట్టె, దాని వెంట తుల్సీరాం దిగారు. టేకు కర్ర, ఇత్తడి పిడులు, మూత మీద సిలువ. దించడానికి నలుగురు పట్టారు. దేవదాసు విమానం వాళ్లకు ఫోన్ చేశాడు. అంత బరువైతే ఎంత కట్టినా ఎక్కించేది లేదన్నారు.

"గింత బరువు ఎందుకు చేసినవన్నా?"

"పిల్లకు మళ్ల మళ్ల చేస్తమా అని మంచి కర్ర పెట్టిన," అన్నాడు తుల్సీరాం.

ఇప్పుడు వనజ కూడా ఏడ్చింది. దాంతో పుష్పమ్మ కళ్లు తుడుచుకుని, ఇంటికి పోయి కొత్త ఫ్రిజ్ అట్టపెట్టె తెచ్చింది. సైకిల్ అందులో పట్టింది. మరి ఛార్జీ? ఆమె కొంగులోంచి ఒక కవరు తీసింది. మట్టి ఖర్చులకని చర్చిలో ఎత్తిన చందా.

"వద్దక్కా, పిల్ల బతికే ఉన్నది గదా," అన్నాడు దేవదాసు.

"సావుకెత్తిన పైసలు ఎనక్కి తీస్కోరు తమ్మీ. ప్రయాణానికని ఎత్తినం, ప్రయాణానికే పెట్టు."

శంషాబాద్ కౌంటర్‌లో దేవదాసు ఆ కవరే అందించాడు. దాని మీద పుష్పమ్మ రాత: 'మా వనజ ఆఖరి ప్రయాణానికి.' కౌంటర్‌లోని అమ్మాయి అది చదివింది. నవ్వుతూ నిలబడ్డ వనజను చూసింది. సైకిల్ ఛార్జీ తీసుకుని, అడగకుండానే కిటికీ పక్క సీటు ఇచ్చింది.