ఎవరైనా సరే, నోటీసు పంపెయ్!

శుక్రవారం పొద్దున్నే వెంకటరామయ్యకు ఒళ్ళు మండింది. మస్కట్‌లోని వాదీ కబీర్ పేటలో తన ఫ్లాటు బాల్కనీలో కూర్చుని కాఫీ తాగుతూ ఫోను తెరిస్తే, తనకన్నా పదేళ్ళు చిన్నవాడైన వకీలు ఒకడు వీడియోలో ఇకిలిస్తూ కనిపించాడు. కింద నాలుగు వేల లైకులు. రువీలో ఒక ఒమానీ అడ్వకేటు ఆఫీసులో పదిహేడేళ్ళుగా లీగల్ కన్సల్టెంటుగా అరిగిపోతున్న తన పేజీకి మాత్రం తొంభై మూడు. వాటిలో రెండు బావమరిదివే.

"వీడు కోర్టు మెట్లెక్కిన మొహమేనా? నాకు టైం లేక గానీ!" అని భార్య మంగళ మీద అరిచాడు. ఆవిడ చేసిన నేరమల్లా ఇడ్లీ ప్లేటు తెచ్చి అక్కడ పెట్టడం.

టైం లేని మనిషి అప్పటికప్పుడు ఒక పద్ధతి కనిపెట్టాడు. నెలకు సరిపడా వీడియోలన్నీ ఈ ఒక్క పూటలో తీసి పడేయాలి. అవి రోజుకొకటి చొప్పున వాటంతటవే ఎక్కాలి. వచ్చే మెసేజీలకు ఆఫీసు ఫోను దానంతటదే జవాబివ్వాలి. గుమాస్తా ఫయాజ్ నోటీసు నమూనాలో పేర్లు నింపి, సంతకం పెట్టించి పంపేయాలి. తనను మాత్రం ఎవడూ ఏదీ అడక్కూడదు.

సరిగ్గా అప్పుడే అమ్మణ్ణి వచ్చి నిలబడింది. కడప జిల్లా మనిషి. మూడేళ్ళుగా ఆ ఇంట్లో వంటా పనీ ఆమెవే.

"సార్, నా పాస్‌పోర్టు..."

"చూద్దాం, చూద్దాం."

"గురువారం ఫ్లైటు సార్. మా కూతురు ఆశకు నెలలు నిండినాయి. తొలి కాన్పు. నేను తప్ప దానికి ఎవురూ ల్యారు. టికెట్టు గూడా తీసుకుంటి."

"చూద్దామన్నానా!" అని కసిరి, ఫోనును పూలకుండీకి ఆనించి నిలబెట్టాడు. గొంతు సవరించుకుని మొదటి వీడియో మొదలుపెట్టాడు.

"అక్కలారా, చెల్లెళ్ళారా! మీ పాస్‌పోర్టు మీ సొత్తు! దాన్ని దాచుకునే హక్కు ఏ యజమానికీ లేదు. వాడెంత పెద్దవాడైనా సరే, భయపడకండి. కింది నంబరుకు ఒక్క మెసేజ్ పెట్టండి. మిగతాది నేను చూసుకుంటాను!"

అమ్మణ్ణి గుమ్మంలో నిలబడి చివరిదాకా విన్నది. అరికాలి మంట నెత్తికెక్కింది. మరి ఎక్కదా? ఆమె దిగిన రోజే పాస్‌పోర్టు తీసుకుని, మంగళ చేతికిచ్చి దాచమన్నది ఈ మహానుభావుడే. దాన్ని లాక్కోవడం అన్నామంటే మీదపడి కొడతారు మన చదువుకున్నవాళ్ళు. దాని పేరు 'భద్రం' అట! ఈ రెండు నెలల్లో ఆమె పదకొండు సార్లు అడిగింది. పదకొండు సార్లూ ఆయన చెవికి ఫోను అతుక్కునే ఉంది.

ఆదివారం ఆ వీడియో ఎక్కింది. మధ్యాహ్నానికి ఆఫీసు ఫోనుకు ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది.

"ఫయాజన్నా, నేను అమ్మణ్ణిని, సారోళ్ళింట్లో పనిచేసేదాన్ని. కూతురి కాన్పుకు పోవాలని సారుకు ఇంట్లో చెప్తే చూద్దాం, చూద్దాం అంటాడే గానీ ఇనపడల్యా. ఆఫీసులో చెప్తే అన్నా ఇనపడతాదేమోనని చెప్తాండా. నా పాస్‌పోర్టు అమ్మగారి బీరువాలో, పట్టుచీరల కింద, కలరా ఉండల డబ్బాలో ఉండాది. గురువారం లోపల నాకు కావాల. ఇయ్యకపోతే ఊరుకునే దాన్ని కాదు!"

జవాబు దానంతటదే వెళ్ళింది: "ధైర్యంగా ఉండండి. మీ యజమాని ఎవరైనా వదిలిపెట్టం."

ఫయాజ్ నలభై దాటిన హైదరాబాదువాడు. మెసేజ్ రెండుసార్లు విని, నెత్తి పట్టుకుని, వెంకటరామయ్య గదిలోకి పరిగెత్తాడు. ఆయన రెండు ఫోన్లలో ఇద్దరిని ఒకేసారి తిడుతున్నాడు.

"సార్, పాస్‌పోర్టు కేసొకటి వచ్చింది. గానీ ఆమె యజమాని, ఆ అర్బాబు ఎవరంటే..."

"అర్బాబో, వాడి బాబో! పేర్లు నాకొద్దు!"

"జర ఇనుండ్రి సార్. ఈ అర్బాబు మనకు బాగా తెల్సిన..."

"తెలిసినవాడైతే? రికమండేషన్ మోసుకొచ్చావా? సిగ్గు లేదూ? నా తోడబుట్టినవాడైనా సరే, నోటీసు పంపెయ్! ఇంకోసారి అడిగావంటే నీ ఉద్యోగం ఊడుతుంది!"

ఫయాజ్‌కూ మండింది. అంత చెప్పాక తనకెందుకు నొప్పి? పేర్లు నింపాడు. సోమవారం నాడు పది కాగితాల మధ్య పెట్టి సంతకానికి పంపాడు. వెంకటరామయ్య తలెత్తకుండా అన్నింటి మీదా గీకేశాడు.

మంగళవారం సాయంత్రం ఆఫీసు నుంచే లైవ్‌కు సిద్ధమయ్యాడు. "పేర్లు చెబితే మన మీదే కేసవుతుంది. ఆ పాస్‌పోర్టు కేసు పాయింట్లు రాసివ్వు చాలు" అని ఫయాజ్‌ను అడిగాడు. ఫయాజ్ రాసిచ్చాడు. ఒక్క అక్షరం తప్పు రాయలేదు.

"మస్కట్‌లోనే ఉన్నాడొక పెద్దమనిషి!" వెంకటరామయ్య బల్ల గుద్దాడు. "వండిపెట్టే తల్లి పాస్‌పోర్టును బీరువాలో, పట్టుచీరల కింద, కలరా ఉండల డబ్బాలో దాచాడు! కూతురి కాన్పుకు వెళ్తానంటే చూద్దాం, చూద్దాం అంటున్నాడు! అన్నం తింటున్నాడా, గడ్డి తింటున్నాడా?"

అమ్మణ్ణి మాట ఒక్కసారైనా చెవిన పడి ఉంటే ఇక్కడ ఆగేవాడు. పడలేదు. చూసేవాళ్ళు వందల్లో పెరుగుతుంటే ఇంకా రెచ్చిపోయాడు. ఊరి బయట రుసైల్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేసే ఇస్తారి అనే ఆయన కామెంటు పెట్టాడు: "వాని ఇల్లు యాడనో చెప్పుండ్రి సార్. డ్యూటీ అయినంక రూమోళ్ళమంతా వస్తం."

"తొందరపడకండి. ఈపాటికి నోటీసు వాడింటికి చేరే ఉంటుంది. వాడి పరువు బజారున పడాలి!"

చేరింది. ఆఫీసు డ్రైవరు తెచ్చిన కవరును మంగళే సంతకం చేసి తీసుకుంది. విప్పి చదివింది. పైన మొగుడి పేరు, కింద మొగుడి సంతకం. ఆరుసార్లు ఫోన్ చేసింది. ఆరుసార్లూ ఆయన కట్ చేశాడు. ఏడోసారి ఆవిడ ఫోన్ చేయలేదు. పళ్ళు కొరుకుతూ లైవ్ తెరిచి కామెంటు పెట్టింది.

వెంకటరామయ్య దాన్ని ఊపులో పైకే చదివేశాడు. "ఏమండీ, ఆ డబ్బా మన బీరువాలోదే. వాడింటికి ఎప్పుడొస్తున్నారు..."

చదవడం ఆపేశాడు. లైవ్ మాత్రం ఆగలేదు; ఎలా ఆపాలో ఆయనకు తెలిస్తే కదా! కింద ఇస్తారి మళ్ళీ అడిగాడు: "సార్, ఇప్పుడు యాడికి రావాలె?"

ఇంటికి వచ్చీ రాగానే వంటింటి గుమ్మం దగ్గర అమ్మణ్ణిని పట్టుకున్నాడు. "నా ఉప్పు తిని నా మీదే నోటీసా!"

"ఆ ఉప్పు నేనేసి వండితేనే మీరు తింటాండేది సార్. నోటీసు మీద సంతకం మీదే. భయపడొద్దని చెప్పింది గూడా మీరే." ఆమె చేతిలో గరిటె కింద పెట్టింది. "ఆడ నా బిడ్డ, అమ్మా ఎప్పుడొస్తావని ఏడుస్తాంది. పదకొండు తూర్లు అడిగినా. ఒక్క తూరి తలెత్తి నా మొగం సూసింటే ఈ గొడవంతా యాడిది?"

మంగళ బీరువా తెరిచి డబ్బా తెచ్చింది. "నా చేత దాయించారు, నేనూ దాచాను. బుద్ధి తక్కువ నాది" అంటూ పాస్‌పోర్టు అమ్మణ్ణి చేతిలో పెట్టింది. అమ్మణ్ణి దాన్ని కొంగుతో తుడిచి, బొడ్డున దోపుకుని, పొయ్యి మీద పప్పు మాడుతోందని లోపలికి వెళ్ళింది.

గురువారం ఆమె విమానం ఎక్కింది. శనివారం ఆఫీసు ఫోనుకు ఆమె దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: "ఆడబిడ్డ పుట్టింది. తల్లీ బిడ్డా బాగుండారు. సారుకు చెప్పన్నా." ఫోను వెంటనే జవాబిచ్చింది: "ధైర్యంగా ఉండండి. మీ యజమాని ఎవరైనా వదిలిపెట్టం."

నెలాఖరున ఫయాజ్ చూస్తే, ఆ ప్రచారం మొత్తానికీ వచ్చిన క్లయింటు ఒక్కరే, ప్రతివాదీ ఒక్కరే, ఇద్దరి అడ్రసూ ఒక్కటే.