వానపాముల డ్రమ్ముకి జెర్రిగారు

వరహాలమ్మ పెరట్లో ఉన్న వానపాముల డ్రమ్ముకి ఒక జెర్రిని రక్షణాధికారిగా వేస్తూ మున్సిపాలిటీ ఇచ్చిన ఉత్తర్వు మంగళవారం పొద్దున్న పదిన్నరకి అందింది. ఉత్తర్వుతోపాటే జెర్రి కూడా వచ్చింది. దాన్ని అగ్గిపెట్టెలో పెట్టి, దారం చుట్టి, లక్కతో సీలు వేసి, వార్డు గుమస్తా సదాశివం స్వయంగా పట్టుకొచ్చాడు.

ఆ ఊళ్ళో ప్రతి ఇంటివాళ్ళూ నీలం డ్రమ్ములో వానపాముల్ని పెంచాలి. రెండు వందలకి తగ్గకూడదు. నెల మొదటి తారీఖున సదాశివం తెల్లపళ్ళెం, చెంచా పట్టుకొని ఇల్లిల్లూ తిరిగి లెక్కపెడతాడు. తగ్గితే ఆ ఇంటి కుళాయి కట్టేస్తారు. చెత్త తినే నోళ్ళు తగ్గిపోయాక చెత్త చేసే నోళ్ళకి నీళ్ళెందుకని మున్సిపాలిటీ వాదన. ఊరు ఈ వాదనకి ఎప్పుడో అలవాటు పడిపోయింది.

వరహాలమ్మకి ఆ బెంగ ఉండేది కాదు. రెండు వందలతో మొదలుపెట్టి ఏడాది తిరిగేసరికి ఎనిమిది వందలు చేసింది. కూరగాయల తొక్కలు సన్నగా తరిగి, తడిపిన పేపరు ముక్కల కింద కప్పి పెట్టేది. గుడ్డు పెంకులు ఎండబెట్టి దంచి చల్లేది. నిమ్మతొక్క పొరపాటున కూడా పడనిచ్చేది కాదు. కూతురు శిరీష పురిటికొస్తే దానికి పథ్యం వండుతూ కూడా, మధ్యలో లేచెళ్ళి డ్రమ్ము మూతెత్తి చూసొచ్చేది.

చేసిన తప్పల్లా ఒక్కటే, అర్జీ పెట్టడం. డ్రమ్ములో తడారిపోయి ఎర్రచీమలు పట్టాయి. ఆ ఊరివాళ్ళకి ఏం వచ్చినా ముందు అర్జీ రాసేయడం అలవాటు, తర్వాతే ఆలోచిస్తారు. ఆవిడా సోమవారం వెళ్ళి రాసిచ్చింది. చివర అందరూ రాసినట్టే 'తగిన అధికారిని పంపి ఆదుకోగలరని ప్రార్థన' అని రాసింది. ఇంటికొచ్చి నెత్తి కొట్టుకొని, డ్రమ్ములో నీళ్ళు చిలకరించి, కింద నాలుగు ఇటుకలు పెట్టి, ఒక్కో ఇటుకనీ నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టింది. తెల్లారేసరికి ఒక్క చీమ లేదు. అర్జీ మాత్రం ఆఫీసులోనే ఉంది.

"చీమలు పోనాయి బాబూ. దీన్ని పట్టుకెళ్ళిపో," అంది అగ్గిపెట్టెని చూసి.

"చీమలు పోతే పోయాయమ్మా, అర్జీ ఉంది కదా," అన్నాడు సదాశివం, సీలు విప్పుతూ.

"జెర్రి వానపాముల్ని తినేస్తాది కదేటి!"

"అందుకే వేశారమ్మా. వానపాముల విషయంలో ఆయనకున్న అనుభవం ఇంకెవరికుంది చెప్పండి?"

జెర్రిగారు డ్రమ్ములో దిగి చార్జి తీసుకున్నారు. మొదటి వారం వంద పోయాయి. రెండో వారం ఇంకో నూట యాభై. వరహాలమ్మ పట్టకారు తీసుకొని మూతెత్తేసరికి సదాశివం గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. విధుల్లో ఉన్న అధికారి మీదికి ఇనప వస్తువు ఎత్తినందుకు సంజాయిషీ రాయించుకొని వెళ్ళాడు. మొగుడు సూరిబాబు మోటార్లు బాగుచేసే మనిషి, గొడవంటే ఆమడ దూరం. "ఊరుకోవే, ఆఫీసోళ్ళతో మనకెందుకు," అన్నాడు.

"నీ ఊరుకోడం తగలెట్టా! కళ్ళముందే నమిలేస్తంటే ఊరుకోమంటావేటి?" అని లేచి, చెప్పులేసుకొని, మళ్ళీ సోమవారం వెళ్ళి రెండో అర్జీ ఇచ్చింది. ఈసారి జెర్రి మీద. ఒళ్ళు మండి ఉందేమో, కలం రెండుచోట్ల కాయితాన్ని చింపేసింది.

విచారణాధికారి వచ్చారు. అగ్గిపెట్టె చాలక అగరొత్తుల పెట్టెలో వచ్చారు. ఆయనదీ అదే జాతి, జానెడు పొడుగు. మూడు రోజులు డ్రమ్ములోనే మకాం పెట్టి, అందర్నీ ఒక్కొక్కరిగా విచారించారు. నివేదిక రెండు వాక్యాలు. రక్షణాధికారి మీద ఫిర్యాదు చెప్పడానికి ఒక్క వానపామూ ముందుకు రాలేదు. పైగా చాలా వానపాములు చెప్పాపెట్టకుండా గైర్హాజరైనందున వాటికి మెమోలు జారీ చేయడమైనది. మెమోలు డ్రమ్ముకి అంటించారు. విచారణాధికారిని నిరంతర పర్యవేక్షణ కోసం అక్కడే ఉంచేశారు.

మొదటి తారీఖున తెల్లపళ్ళెంలో నూట తొంభై ఆరు తేలాయి. నాలుగు తక్కువ. కుళాయి కట్టేశారు.

అప్పటికి శిరీషకి ఆడపిల్ల పుట్టి పదకొండు రోజులు. ఇరుగుపొరుగు ఒక్క బిందె నీళ్ళిస్తే వాళ్ళ కుళాయి కూడా కడతారు కాబట్టి ఎవరూ గుమ్మం దాటి రాలేదు. సూరిబాబు పక్క వార్డు నుంచి సైకిలు మీద రెండు డబ్బాలు తెచ్చేవాడు, వంటకీ తాగడానికీ. చంటిదానికి స్నానం లేదు. తొమ్మిది రోజులు తడిగుడ్డతో తుడిచారు. మెడ మడతల్లో, చంకల్లో ఎర్రగా పొక్కి, పిల్ల రాత్రీ పగలూ గుక్కపట్టి ఏడుస్తోంది. మర్నాడు ఇరవయ్యొకటో రోజు, ఉయ్యాల్లో వేసి పేరు పెట్టాలి.

అలాంటి పూట సదాశివం వచ్చాడు. వరహాలమ్మ చేట పట్టుకొనే ఎదురెళ్ళింది.

"మీ మొహాలు మండ! నేను పెంచినియ్యి మీరు తినేసి, నాకు లెక్క తక్కువొచ్చిందని పసిదాని నోట్లో మట్టి కొడతారా? తిన్నోడు అధికారీ, తినబడ్డదానికి మెమోనా? మనుషులేనా మీరు?"

సదాశివం ఓపిగ్గా విన్నాడు. అతను కోపిష్టి కాదు, ఇద్దరు పిల్లల తండ్రి.

"వెసులుబాటు ఉందమ్మా, అది చెప్పడానికే వచ్చాను. తక్కువైంది నాలుగే కదా? ఇంట్లో మీరూ నలుగురు. చెత్త తినేవాళ్ళెవరైనా వానపాముల కిందే లెక్కని పోయిన నెల సవరించారు. ఒక్కో వేలిముద్ర వేసేస్తే ఇప్పుడే కుళాయి విప్పేస్తాను."

"మేం చెత్త తింటామా?" అరిచింది వరహాలమ్మ.

"ఇన్నాళ్ళూ మేం ఏం పెట్టినా తిన్నారు కదమ్మా," అన్నాడు. వెటకారంగా కాదు, రికార్డు చూసి చెప్పినట్టు చెప్పాడు.

లోపల పిల్ల ఏడుపు మొదలెట్టింది. సూరిబాబు ముందుకొచ్చి, తలొంచుకొని, బొటనవేలు ఇంకులో ముంచి నొక్కాడు. నూట తొంభై ఏడు. శిరీష చంటిదాన్ని ఎత్తుకొచ్చి, తల్లి చేతికిచ్చి నొక్కింది. నూట తొంభై ఎనిమిది. వరహాలమ్మ చేట కింద పడేసింది. పళ్ళు పటపట కొరుకుతూ, కాయితం చిరిగేటంత గట్టిగా నొక్కింది.

అధికార్లిద్దరూ డ్రమ్ము అంచెక్కి కిందికి దిగారు. గచ్చు మీద నిదానంగా పాకుతూ వచ్చి ముగ్గురి పాదాల చుట్టూ ఒకసారి తిరిగారు.

"హాజరు తీసుకుంటున్నారు. కదలకండి," అన్నాడు సదాశివం.

ఎవరూ కదల్లేదు. అతను ఇంకుడబ్బా పిల్ల దగ్గరికి జరిపాడు.

"ఇది పసిగుడ్డు బాబూ. ఇంకా పేరైనా పెట్టలేదు," అంది వరహాలమ్మ. గొంతులో ఇందాకటి అరుపు లేదు.

"పరవాలేదమ్మా. రెండు వందలు అని రాసుకుంటాను."

పిల్ల పిడికిలి బిగించి ఉంది. అది విప్పడానికి ముగ్గురూ పట్టాల్సొచ్చింది. ముందు చెయ్యి వేసింది వరహాలమ్మే.