మూత వెయ్యని లాప్‌టాప్

ఆ సోమవారం ఉదయం ఫిర్యాదులమ్మ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదిన్నర బస్సు ఎక్కాలి. పదింటికి సమీక్ష మీటింగులో కూర్చోవాలి. ఈలోగా లాప్‌టాప్ ఆరిపోకూడదు.

నీటి పంపులు తయారుచేసే కంపెనీలో, కొన్నవాళ్ల ఫిర్యాదులు చూసే విభాగం ఆవిడది. విభాగమంటే ఆవిడా, ఒక బల్లా, ఈ లాప్‌టాపూ. అందుకే ఆఫీసులో ఆ పేరు స్థిరపడిపోయింది. అందరి ఫిర్యాదులూ తీర్చే ఆవిడ సొంత ఫిర్యాదు మాత్రం ఆరు నెలలుగా తీరలేదు. ఆ లాప్‌టాప్ బుద్ధి పుడితే లేస్తుంది, లేకపోతే లేదు. మీట నొక్కగానే లోపలి ఫ్యాను ఒకసారి నిట్టూరుస్తుంది. తెర నల్లగా ఉండిపోతుంది. ఛార్జరు పీకి చూసింది, వేరే ప్లగ్గులో పెట్టి చూసింది, మీటను అర నిమిషం నొక్కి పట్టుకుని వదిలింది. ఒక్కోరోజు దేనికీ లొంగదు. ఒక్కోరోజు ఏమీ చెయ్యకుండానే లేచి కూర్చుంటుంది.

మూడుసార్లు సిస్టమ్స్ ఇంజనీరు దగ్గరకు మోసుకెళ్లింది. మూడుసార్లూ అతని వేలు తగలగానే, ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు బడిపిల్లలా బుద్ధిగా వెలిగింది. "దీనికేం మేడమ్, రాయిలా ఉంది" అంటూ, కొత్తదాని కోసం ఆవిడ పెట్టుకున్న ప్రతి దరఖాస్తు మీదా "లోపం కనబడలేదు" అని రాసి తిప్పి పంపాడు.

గత రెండు సమీక్షల్లోనూ ఆవిడ నల్లటి తెర పక్కన నిలబడి నోటిమాటలతో నెట్టుకొచ్చింది. "మూడోసారి కూడా ఇంతే అయితే మీ పని సేల్సు వాళ్లకి ఇచ్చేస్తాను" అన్నాడు మేనేజరు. పంపులు అమ్మేవాళ్లకే ఆ పంపుల మీద ఫిర్యాదులు అప్పగించడమంటే పిల్లిని పాలకు కాపలా పెట్టడమే. ఆవిడ పదకొండేళ్లుగా కాపాడుకొస్తున్న బల్ల అది.

శుక్రవారం సాయంత్రం ఇంట్లో లాప్‌టాప్ దయతలిచి లేచింది. ఆదివారానికి సమీక్షలో చూపాల్సిన నివేదిక పూర్తయింది. కంపెనీ ఫైలు కంపెనీ లాప్‌టాప్ దాటకూడదని రూలు. ఆఫీసు చేరితే గాని సర్వరులో దాచే వీల్లేదు. కాబట్టి దీన్ని ఇక ఆపేది లేదని ఆవిడ ఒట్టు పెట్టుకుంది. మూత వేస్తే అది నిద్రపోతుంది. అయిదు నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోయినా నిద్రపోతుంది. నిద్రపోతే మళ్లీ లేస్తుందన్న పూచీ లేదు. దాన్ని మేలుకొలిపి ఉంచడానికి అందులో ఉన్న ఒకే ఒక్క వీడియోను, మంటలార్పే శిక్షణ వీడియోను, ఆగకుండా తిరిగేలా పెట్టింది.

రెండు రోజుల్లో అత్తగారికి అది కంఠతా వచ్చేసింది.

"అమ్మాయ్, వీడు మళ్లీ తప్పు సిలిండరు పట్టుకున్నాడే! ఎన్నిసార్లు చెప్పినా బుద్ధి రాదేం?"

"మీరు చెప్పేది వాడికి వినబడదు అత్తయ్యా."

"నీ మొగుడికీ వినబడదు. చెప్పడం మానానా?"

సోమవారం పొద్దున ఆ మొగుడికి ఎన్నడూ లేని బాధ్యత గుర్తొచ్చింది. పొయ్యి మీది పాలగిన్నె దించి ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో లాప్‌టాప్ మూత అందుకుంటూ, "బ్యాగులో సర్దేస్తానుండు" అన్నాడు.

"ముట్టుకోకండి!"

ఆ కేకకు మూత బతికింది. పాలగిన్నె నేలపాలైంది. ఆవిడ పాలు తుడిచేసరికి ఎనిమిదిన్నర బస్సు వెళ్లిపోయింది.

ఎనిమిదీ నలభైకి ప్లగ్గు పీకింది. బ్యాటరీ ఎంత లాగినా గంటన్నర. వీడియో ఆపేసి, నాలుగు నిమిషాలకోసారి ఏదో ఒక అక్షరం నొక్కుదామనుకుని, తెరిచిన లాప్‌టాప్‌ను నిండుకుండలా రెండు చేతులా పట్టుకుని వీధిలోకి నడిచింది. ఎదురింటావిడ చూసి, గొంతు తగ్గించి, "మీటింగా?" అంది. కాదని చెప్పాలంటే చాలా చెప్పాలి. ఆవిడ తలూపింది. ఎదురింటావిడ తెర వైపు తిరిగి, అందులో ఉన్నారనుకున్న పెద్దమనుషులకు వినయంగా నమస్కారం పెట్టింది.

తర్వాతి బస్సులో కండక్టరు ఆవిడను ఎగాదిగా చూశాడు. తెరిచిన లాప్‌టాప్. మధ్యమధ్య గడియారం చూడటం, ఒక అక్షరం కొట్టడం. అతను డ్రైవరు చెవిలో చెప్పిన మాట మూడో వరుసదాకా వినబడింది: "అన్నా, తనిఖీ మేడమ్. రాసుకుంటోంది."

అంతే, ఆ బస్సుకు లేని క్రమశిక్షణ వచ్చింది. ప్రతి స్టాపులోనూ ఆగింది. ఎక్కేవాళ్లు లేని స్టాపులో కూడా ఎక్కేవాళ్ల కోసం ఎదురుచూసింది. దూరంగా తాపీగా నడిచొస్తున్న ఒక ముసలాయన్ని, "నిదానంగా రండి తాతగారూ" అంటూ పిలిచి మరీ ఎక్కించుకుంది. ఆయన అసలు బస్సు కోసం రాలేదు.

"కొంచెం త్వరగా పోనివ్వండి బాబూ" అంది ఆవిడ నీరసంగా.

"అమ్మో, స్పీడు పెంచితే రాస్తారు కదా మేడమ్! మాకు తెలీదా?" అన్నాడు డ్రైవరు.

ఈలోగా ప్రయాణికులకూ సంగతి తెలిసింది. "ఈ కిటికీ మూసుకోదు, రాయండమ్మా" అన్నాడొకాయన. "సీటు ఊగుతోంది, అది కూడా" అంది వెనకావిడ. తను ఎవరో చెప్పడానికి ఆవిడకు ఓపిక లేదు. ఎలాగూ ఏదో ఒకటి కొట్టాలి. తెర మీద ఉన్నది నివేదిక. పదకొండేళ్ల అలవాటుతో వేళ్లు వాటంతటవే రాసుకుపోయాయి.

పదింటికి అయిదు నిమిషాలుందనగా ఆఫీసు చేరింది. బ్యాటరీ మూడు శాతం. లిఫ్టులో మేనేజరు.

"నడుస్తూ కూడా పనేనా అమ్మా!" అని ఆశ్చర్యపోయాడు. ఆవిడ ఒక అక్షరం నొక్కింది.

మీటింగు గదిలో ప్లగ్గు పెట్టి, నివేదిక సర్వరుకు చేరినట్టు తెర మీద కనబడ్డాక గాని ఆవిడ ఊపిరి వదల్లేదు. నలభై పేజీలూ తడబడకుండా వివరించింది. చివరి పేజీలో "కిటికీ మూసుకోదు, సీటు ఊగుతోంది" అని పెద్ద తెర మీద ప్రత్యక్షమయ్యేసరికి ఆవిడ తెరకు అడ్డం వెళ్లబోయింది గానీ, సేల్సు ఆయన తల ఎత్తకుండానే, "వారంలో సరిచేయిస్తాం సార్" అన్నాడు. మేనేజరు తృప్తిగా టిక్కు పెట్టుకున్నాడు. బల్ల నిలిచింది.

అందరూ లేస్తుండగా మేనేజరు అడిగాడు. "ఇంతకీ ఇదెప్పుడు ఆన్ చేశారు? లిఫ్టులోనే వెలుగుతోందే."

"శుక్రవారం సాయంత్రం సార్."

"శుక్రవారమా! నాది కొని రెండు నెలలు కాలేదు, రోజుకి రెండుసార్లు బిగుసుకుపోతోంది. ఏమయ్యా సిస్టమ్సూ, ఏమిటీ తేడా?"

పెద్ద తెర తీగలు చుడుతున్న సిస్టమ్స్ ఇంజనీరు తను రాసిన మూడు కాగితాలనూ తలుచుకుని, "మేడమ్‌ది రాయి సార్. మూడుసార్లు పరీక్షించాను, వంక పెట్టడానికి లేదు" అన్నాడు.

"అయితే నాది మేడమ్‌కి ఇచ్చెయ్. ఇది నాకు."

"సార్, అది ఒక్కోసారి..." అని మొదలుపెట్టింది ఆవిడ.

"ఒక్కోసారి నెమ్మదిస్తుందా? నేనూ నెమ్మదిస్తాను."

"అదికాదు సార్, మూత మాత్రం..."

మేనేజరు టప్పున మూత వేశాడు. మూడు రోజులుగా ఆగకుండా తిరిగిన ఫ్యాను నిట్టూర్చి ఆగిన చప్పుడు ఆవిడకొక్కతికే వినబడింది. ఆయన లాప్‌టాప్‌ను చంకలో పెట్టుకుని, తళతళలాడే తన కొత్తదాన్ని ఆవిడ వైపు జరిపాడు.

"మొహమాటపడకండి, తీసుకోండి."

పదకొండేళ్ల ఉద్యోగంలో మొట్టమొదటిసారి ఆవిడ మొహమాటపడలేదు.