చామంతి చుక్కలూ, నక్క పూతా

పెద్ద అడవే అది. పులులకీ పుట్టలకీ లోటు లేదు. ఈమధ్య ఫోన్లకీ లోటు లేకుండా పోయింది.

ఆ అడవిలో చామంతి అనే చుక్కల జింక ఉండేది. పొద్దున్నే గడ్డి ముట్టే ముందు ఫోన్ ముట్టేది. కాటుక కొనాలన్నా సరే, బ్లాగులు చదివి, వీడియోలు చూసి, కింద కామెంట్లన్నీ తిరగేసి గానీ కొనేది కాదు. "నన్నెవరూ మోసం చెయ్యలేరు" అని గర్వంగా చెప్పుకునేది.

ఆమెకి స్నేహం పక్క మడుగులో ఉండే తాబేలు బుచ్చమ్మతో. వీపు నునుపు చేసే నూనె కోసం బుచ్చమ్మ ఏళ్ల తరబడి రివ్యూలు చదువుతోంది. ఇంకా కొనలేదు.

ఇలా ఉండగా జంబుకయ్య అనే నక్క ఎండిన కుంటలో తెల్లటి జిగురు మట్టి తవ్వి, డబ్బాలకెత్తి, "చంద్రకాంతి పూత, మచ్చలు మాయం" అని అమ్మకానికి పెట్టాడు. ఒక్కరూ కొనలేదు. నక్క చేతి సరుకు ఎవరు కొంటారు? దాంతో నెమలి నీలకంఠం దగ్గరికి వెళ్లాడు. నీలకంఠం వీడియోలో ఏది మెచ్చుకుంటే అడవంతా అదే కొనేది.

"నేను వాడి చూడలేదయ్యా" అన్నాడు నీలకంఠం.

"అయ్యో, మీరు వాడకండి! పింఛంలో కన్నులు పోతే ఎలా? నోటితో చెప్పండి చాలు. పుట్టకి పుట్ట చెదలు మీ ఇంటికి పంపిస్తాను."

నెమలికి నోరూరింది.

మర్నాడే వీడియో వచ్చింది. "నా మిత్రులారా, నా అందం వెనకున్న రహస్యం ఇవాళ బయటపెడుతున్నాను!" అంటూ నీలకంఠం రెండు ఫోటోలు చూపించాడు. పూతకి ముందు, ఒంటినిండా చుక్కలున్న జింక. పూత తర్వాత, ఒక్క చుక్క కూడా లేని నున్నటి ఒళ్లు.

చామంతి గబగబా మడుగు దగ్గరికి పరిగెత్తి నీళ్లలో తన ఒళ్లు చూసుకుంది. ఆ వీడియో చూసేదాకా వాటిని చుక్కలనేది. ఇప్పుడు మచ్చలంది.

"పిన్నీ, నా బతుకంతా ఈ మచ్చలతోనే గడిచిపోయింది చూడు!"

బుచ్చమ్మ ఫోన్ కళ్లకి దగ్గరగా పెట్టుకుంది. "ఏమే, ఈ రెండో ఫోటోలో ఉన్నది జింక కాదే. కడితి! జింకకంటే పెద్దది, దానికి పుట్టుకతోనే చుక్కలుండవు."

"పూత బలానికి అంత ఎదిగిందేమో పిన్నీ. కామెంట్లు చూడు, అందరూ బ్రహ్మాండం అంటున్నారు."

అలా అన్నవాళ్లంతా నక్క మేనమామ పిల్లలు. ఆ సంగతి చామంతికి తెలీదు.

తెప్పించుకున్న పూత వచ్చింది. చామంతి తల నుంచి తోక దాకా మందంగా పట్టించి ఎండలో నిలబడింది. చుక్కలు నిజంగానే కనబడలేదు. సున్నం కొట్టిన గోడలా తయారైంది. మురిసిపోయి, ఎప్పుడూ మేసే చెట్ల నీడలోకి వెళ్లింది. ఆకుల సందుల్లోంచి పడే ఎండ మరకల్లో ఇన్నాళ్లూ ఆమె చుక్కలు కలిసిపోయేవి. ఆవేళ మాత్రం కిలోమీటరు దూరానికి కూడా కనిపించింది.

అంతలో ఎదురుగా గడ్డిలో ఏదో తెల్లగా కదిలింది.

"ఎవరండీ అది?" అంది చామంతి.

"చిరుతని" అంది ఆ తెల్లటిది, కాస్త సిగ్గుపడుతూ.

"మరి మచ్చలేవండీ?"

"పోగొట్టుకున్నాను. అప్పట్నించీ నేను గడ్డిలో దూరగానే అందరూ పారిపోతున్నారు. కడుపు కాలిపోతోంది. ఇంతకీ నువ్వెవరు? కడితివా?"

"చుక్కల జింకనండీ."

ఇద్దరూ ఒకరినొకరు ఎగాదిగా చూసుకున్నారు.

"నీలకంఠం వీడియోనా?"

"ఆయనదేనండీ."

చిరుత నిట్టూర్చింది. ఆ నిట్టూర్పు మధ్యలో ఎదురుగా ఉన్నది భోజనమని దానికి గుర్తొచ్చింది. ఎగిరి దూకింది. కాదు, దూకబోయింది. మట్టి బిగుసుకుపోయి మోకాళ్లు వంగలేదు. చామంతి పారిపోదామంటే తన కాళ్లూ వంగలేదు. రెండూ కర్రబొమ్మల్లా టకటకలాడుతూ ఒకదాని వెనక ఒకటి సాగాయి. అదే దారిన నడుస్తున్న బుచ్చమ్మని దాటడానికి కూడా చిరుతకి చాలాసేపు పట్టింది.

"పిన్నీ, రక్షించు!" అని ఏడ్చింది చామంతి.

"పక్కనే వాగుంది, అందులో పడవే!" అని అరిచింది బుచ్చమ్మ.

చామంతి కళ్లు మూసుకుని వాగులోకి దొర్లింది. మట్టంతా కరిగిపోయింది. అవతలి గట్టెక్కి పొదల నీడలో నిలబడేసరికి, చిరుతకి ఎంత వెతికినా కనబడలేదు. చామంతి తన ఒంటి మీది ఒక్కొక్క చుక్కనీ నాకి చూసుకుంది. అన్నీ ఉన్నాయి. అప్పుడు ఏడుపాగింది.

వాగులో ఒళ్లు కడుక్కున్న చిరుత తిన్నగా నీలకంఠం దగ్గరికి వెళ్లింది.

"నేను చెప్పానంతే, వాడలేదు బాబోయ్!" అన్నాడు నెమలి.

"ఇప్పుడు వాడు. అందరూ చూసేలా వాడు" అని డబ్బా ముందుకు తోసింది చిరుత.

ఫోన్ ముందు నీలకంఠం పింఛానికి పూత పూసుకున్నాడు. ఎండాక విప్పబోతే ఈకలు గుత్తులు గుత్తులుగా ఊడి కిందపడ్డాయి. నక్క ఆ వీడియో చూస్తూనే పొరుగు అడవికి పరుగెత్తాడు.

ఇక చామంతి కూర్చుని, తోటి జింకలు మోసపోకూడదని, ఫోన్లో ఉన్నదున్నట్టు రాసింది: "చంద్రకాంతి పూత ఉత్త మట్టి. ఒళ్లు కర్రైపోతుంది. పూసుకున్న రోజే చిరుత నా వెంట పడింది."

సాయంత్రానికి ఆ మాట కింద వందలకొద్దీ కామెంట్లు వచ్చాయి.

"చిరుత కూడా వెంటపడేంత అందమా అక్కా?"

"ఎక్కడ దొరుకుతుందో చెప్పవా, ప్లీజ్!"

పొరుగు అడవిలో నక్క కొత్త కుంట తవ్వడం మొదలుపెట్టాడు.

నీతి: సరుకు మంచిదని చెబితే కొందరే కొంటారు, ప్రమాదమని చెబితే అందరూ కొంటారు.