ఊడని పలక

ఆ రోజు పొద్దున జిగురన్న వేసుకున్న పథకం చిన్నదే. కొనేవాళ్ళు ఫ్యాక్టరీకి రాగానే సోలార్ పలక మీద సలసల మరిగే నీళ్ళు పోయాలి. అద్దం, కింది పొరలు గీత పడకుండా దేనికది ఊడి రావాలి. పైకప్పు మీద ఉన్నన్నాళ్ళూ ఎండకూ వానకూ చలించకూడదు. ముసలిదయ్యాక మాత్రం ఏ పొరకాపొర విడిపోయి మళ్ళీ కొత్త పలకకు పనికిరావాలి. అలాంటి జిగురు కోసమే అతను ఏళ్ళ తరబడి తంటాలు పడ్డాడు. ఈ పూట ఊడిందా, కొత్త పలకలు తయారుచేసే గది బాధ్యత అతనిది. లేదా, మళ్ళీ పాత జిగురు డబ్బాల దగ్గరికే.

"అక్కా, పెద్ద కెటిల్ నిండా నీళ్ళు మరిగించి పెట్టు. వచ్చేవాళ్ళ కోసం," అన్నాడు క్యాంటీన్ ఆవిడతో. ఎందుకో చెప్పలేదు. భార్య తన అక్క ఇంటికి వెళ్ళిపోయినప్పటి నుంచి, ఎవరికైనా ఏదైనా విడమరిచి చెప్పే అలవాటే తప్పిపోయింది.

క్యాంటీన్ ఆవిడ మనసున్న మనిషి. వచ్చేవాళ్ళ కోసమన్నాడు కదా అని ఆ నీళ్ళతో టీ కాచి అందరికీ పంచేసింది. జిగురన్న వచ్చి చూస్తే కెటిల్ ఖాళీ. కుళాయి కింద పట్టి మళ్ళీ పొయ్యెక్కించి, నీళ్ళు గోరువెచ్చనయ్యాయో లేదో, మేనేజరు కేకేశాడు. చేసేదిలేక అవే పోశాడు. పలక ఉలకలేదు, పలకలేదు.

"ఏమయ్యా, ఊడదే?" మేనేజరు పళ్ళ బిగువున అడిగాడు.

"నీళ్ళు సరిగ్గా కాగలేదండీ..."

"ఊడదండీ!" మేనేజరు గబుక్కున అతిథుల వైపు తిరిగాడు. "అదే మా గొప్ప! ఏం పోసినా ఊడదు!"

కొనడానికొచ్చిన పెద్దాయనకు హుషారు పుట్టింది. "మా బావమరిది ఎక్కితేనో?"

బావమరిది చెప్పులు విడిచి ఎక్కాడు. గెంతాడు. "బావా, మీ ఇంట్లో నాకేసే మంచం కంటే నయం!" ఆ పైన పెద్దాయనా ఎక్కాడు, మేనేజరూ ఎక్కాడు. టీపాయంత పలక మీద ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని ఫొటో దిగారు. తీసింది జిగురన్నే.

"అయ్యా, అది ఊడాలండీ," అన్నాడు కెమెరా వెనక నుంచి.

"కాస్త నవ్వమంటున్నాడు," అన్నాడు మేనేజరు. బేరం అక్కడికక్కడే కుదిరిపోయింది.

సాయంత్రం జిగురన్న పలకను సైకిలు వెనక కట్టుకుని ఇంటికి తెచ్చాడు. నీళ్ళు దగ్గరుండి మరిగించి పోశాడు. పొరలు అలిగిన చుట్టాల్లా దేనికది పక్కకు జరిగాయి. ఒక్క గీత లేదు.

"ఊడింది!" అని ఇల్లు అదిరేలా అరిచాడు. వంటింట్లో కుళాయి బొట్టు బొట్టుగా కారుతూనే ఉంది.

ఉండబట్టలేక భార్యకు ఫోను చేశాడు. ఆవిడ వెళ్ళాక మొదటిసారి, మొదటి నుంచి చివరి దాకా అంతా చెప్పాడు. ఆవిడ అంతా విని అడిగింది.

"ఇంతకీ ఆ టీ మీకిచ్చారా?"

"లేదు."

"మీరు అడిగుండరు," అని పెట్టేసింది.

ఫోను వెంటనే మళ్ళీ మోగింది. ఆత్రంగా ఎత్తాడు. మేనేజరు.

"ఆ పలక రేపు పట్టుకురావయ్యా, అద్దాల పెట్టెలో పెడదాం. కొత్త గది నీదే! ఇక మీదట ఏదీ ఊడకుండా చూడటమే నీ పని."

మర్నాడు అందరికంటే ముందే వెళ్ళి, జిగురన్న ఆ పొరలను పాత జిగురుతో, ఇక ఏ నీళ్ళకూ ఊడకుండా, గట్టిగా అతికించాడు. కాసేపటికి క్యాంటీన్ కెటిల్‌లో నీళ్ళు మరుగుతున్నాయి. ఈసారి వాటిని ఎవరు తాగినా అతనికి అభ్యంతరం లేదు.